మూడేళ్ళు మోగిన గూటం

యోకానా అరటితోట వెనకనుంచి దొడ్డికి పోతూ నా కళ్ళబడ్డాడు. ముసలివాడు దొడ్డికి పోవడంలో వింతేముందంటారా? అదే వేళకి పాకలో యోకానా గూటం మోగుతోంది. అదీ వింత.

చిక్కుడుగింజల బుట్ట నెత్తిన పెట్టుకుని అలాగే నిలబడిపోయాను. టక్కు టక్కు టక్. టక్కు టక్కు టక్. మా కికోమాలో ఉన్నది ఒక్క పాకే, కానీ చుట్టుపక్కల ఊళ్ళ గూటాలు కూడా ఏది ఏదో కళ్ళు మూసుకుని చెప్పగలను. మూడు దెబ్బలు, చిన్న ఆపు, మళ్ళీ మూడు దెబ్బలంటే అది యోకానాదే. ముప్ఫై ఏళ్ళుగా నా పొయ్యిమీద జావ ఆ చప్పుడు వింటూనే ఉడుకుతోంది. మరి ఈ ముసలాయన ఎవరు?

నన్ను చూసి ఆయన అరటిచెట్టు చాటుకి జరిగాడు. ఆరడుగుల మనిషి, తెల్లటి పొడుగు అంగీ, అరటిబోదె వెనక దాక్కుంటే ఎలా ఉంటుందో మీరే అనుకోండి. నవ్వొచ్చింది. అప్పుడు ఆయన కుడిచెయ్యి చూశాను. విరిగి తోలుమీద వేలాడే కొమ్మలా ఉంది. నవ్వు ఆగిపోయింది.

"నాలోంగో," అన్నాడు. నన్ను ఊరంతా అలాగే పిలుస్తారు, కవలల తల్లినని. "నాలోంగో, నువ్వు నన్ను చూళ్ళేదు."

"చూశాను కదన్నా."

"చూళ్ళేదు."

"సరే, చూళ్ళేదు. ఆ పాకలో ఎవరు?"

ఆయన దొడ్డిలోకి పోయి తలుపేసుకున్నాడు. నేను ఎంతసేపైనా నిలబడగలనని ఆయనకి తెలుసు. ఆయన ఎంతసేపైనా లోపల కూచోగలడని నాకు తెలీదు. చివరికి నేనే ఇంటికొచ్చేశాను.

యోకానాది నీటికుక్క తెగ. ముతుబా చెట్టు పట్ట ఒలిచి, ఉడకబెట్టి, దుంగమీద పరిచి, గూటాలతో బాది బాది నారగుడ్డ చేసేవాళ్ళు వాళ్ళే. జానెడు వెడల్పు పట్ట సాయంత్రానికి దుప్పటంత అవుతుంది. ఎండలో పరిస్తే ఎర్రమట్టి రంగు తిరుగుతుంది. మాలో మనిషి పోతే ముందు అడిగేది ఏడ్చేవాళ్ళు వచ్చారా అని కాదు, నారగుడ్డ వచ్చిందా అని. అది లేకుండా మట్టిలో పెడితే పైనున్న పెద్దలు ఆ మనిషిని గుర్తుపట్టరని మా నమ్మకం.

ఇంకో రెండు కట్టుబాట్లున్నాయి, ఎప్పుడు పుట్టాయో ఎవరికీ తెలీదు. ఒకటి, ఆడది గూటం పట్టకూడదు, పాక గడప తొక్కకూడదు. తొక్కితే నార చిరుగుతుంది, చెట్టు ఎండుతుంది. రెండు, ముతుబా చెట్లు గూటం మోగే ఇంటివి. మోగడం ఆగితే తెగలో తర్వాతి మగవాడికి పోతాయి. యోకానాకి కొడుకుల్లేరు. భార్య పోయింది. ఉన్నది ఒక్క కూతురు ఎసెజా. తర్వాతి మగవాడంటే తమ్ముడి కొడుకు లవులెన్సియో. వాడికి ఇటుకబట్టీలున్నాయి. బట్టీకి కట్టెలు కావాలి. యోకానా చెట్లు నలభై రెండు. వాడు ఆ దారిన పోయినప్పుడల్లా చెట్ల వైపు ఎలా చూసేవాడంటే, పెళ్ళివిందులో కోడి వైపు చూసినట్టు.

ఇవన్నీ నాకు తెలుసు. తెలుసు గనక ఆ రోజు జావ మాడిపోయింది.

మర్నాడు పొద్దున్నే చీపురు అడిగే వంకతో వెళ్ళాను. మా ఇంట్లో చీపుర్లు మూడున్నాయి. పాక చుట్టూ నాలుగు వైపులా రెల్లు తడికలు కట్టి ఉన్నాయి. అంతకుముందు ఏడాదే కట్టించాడు యోకానా, "ఎండ తగిలితే పట్ట బిగుసుకుపోతోంది" అని. ఎండకి పడమటి తడిక చాలు కదా, ఉత్తరం వైపు ఎందుకు అని అప్పుడే అడిగాను. "నీకు అన్నీ కావాలి" అన్నాడు. అవును, నాకు అన్నీ కావాలి.

తడిక దగ్గరికి వెళ్ళి మోకాళ్ళమీద కూచుని, సందులో కన్ను పెట్టాను.

ఎసెజా. నడుముకి గుడ్డ బిగించి, దుంగ ముందు కూచుని ఉంది. భుజాలు మగవాడి భుజాల్లా తేరాయి. చెమట గడ్డంనుంచి కారి పట్టమీద పడుతోంది, దాన్ని కూడా గూటంతో కలిపి బాదేస్తోంది. మూడు దెబ్బలు, చిన్న ఆపు. వాళ్ళ నాన్నకి ఆ ఆపు దగ్గువల్ల వచ్చింది. ఈ పిల్లకి దగ్గు లేదు. అయినా ఆగుతోంది.

"పిల్లా," అన్నాను మెల్లగా.

గూటం గాల్లో నిలిచిపోయింది.

"ఆపకు," అన్నాను. "ఆపితే వినపడుతుంది."

మళ్ళీ మొదలెట్టింది. కొడుతూనే, నా వైపు చూడకుండా, "ఎవరికి చెప్తావత్తా?" అంది.

"ఎవరికీ చెప్పను."

"నీ నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా అంటారు."

"ఊరన్నది నిజమే. అయినా చెప్పను."

ఆ మాట మీద రెండేళ్ళున్నాను. నా జీవితంలో నేను చేసిన కష్టమైన పనులు రెండు. ఒకటి, కవలల్ని కనడం. రెండోది ఇది.

నేను చూసిన రోజుకి ఏడాది ముందు, పెద్దవానల్లో ఒక పొద్దున యోకానా చెయ్యి లేవలేదు. మొహం బాగుంది, మాట బాగుంది, కాళ్ళు బాగున్నాయి. చెయ్యి ఒక్కటే పోయింది. ఆ రోజు పాకలో ఉడికించిన పట్ట సిద్ధంగా ఉంది. బాదకపోతే చెక్కలా అయిపోతుంది. ఎసెజా అప్పటికి ఇరవై ఏళ్ళది. చిన్నప్పట్నుంచీ గుమ్మం బయట కూచుని చూసిన పనే. "ఈ ఒక్కరోజుకి" అని లోపలికి వెళ్ళింది. ఆ ఒక్కరోజు ఇంకా అవలేదు.

చూడండి ఎలా ఇరుక్కుపోయారో. ఆ పిల్ల బయటికొస్తే గూటం ఆగుతుంది. గూటం ఆగితే చెట్లు పోతాయి. గూటం మోగుతున్నప్పుడు ముసలాయన ఎవరికీ కనపడకూడదు. అందుకని పగలంతా ఆయన కిటికీలేని గదిలో మంచమ్మీద కూచునేవాడు. పొద్దు వాలాక చప్పుడు ఆగితే అప్పుడు ఇద్దరూ బయటికొచ్చేవాళ్ళు. ఆయన భుజమ్మీద నారగుడ్డ కప్పుకుని, చెయ్యి దాచుకుని, దారినపోయేవాళ్ళని పలకరించేవాడు. "భుజం అరిగిపోతోందర్రా, ఇవాళ మరీ ఎక్కువ కొట్టాను" అనేవాడు. ఎసెజా వెనకాల నిలబడి తన భుజం నొక్కుకునేది.

పట్ట ఒలవడం తెల్లారగట్ల, పక్షులు లేచే వేళకి. నిచ్చెన వేసుకుని ఎక్కి, పైన ఒక గాటు చుట్టూ, కింద ఒక గాటు, నిలువునా ఒకటి. అరటిబోదె చెక్కతో మెల్లగా ఎత్తితే చొక్కా విప్పినట్టు పట్ట ఊడొస్తుంది. వెంటనే చెట్టుకి అరటాకులు చుట్టాలి, గాయానికి గుడ్డ కట్టినట్టు. చుట్టడం ఆలస్యమైనా, వదులైనా చెట్టు చస్తుంది. సరిగా చుడితే ఏడాది తిరిగేసరికి కొత్త పట్ట. నలభై రెండు చెట్లలో ఆ పిల్ల చేతిలో ఒక్కటీ చావలేదు. చస్తే బాగుండునని ఒకసారి అంది. "నలభై రెండూ ఒకేసారి చస్తే, అత్తా, నేను బజారుకి వెళ్తాను."

ఊరు ఊరుకుంటుందా? పెళ్ళికి రాలేదు, పేరుపెట్టడానికి రాలేదు, చర్చికి రాలేదు. నీళ్ళకి చీకట్నే వెళ్ళొస్తుంది. పొగరన్నారు. కడుపన్నారు. తొమ్మిది నెలలు దాటాక దెయ్యమన్నారు. నా ఎదురుగానే అన్నారు, నా మొహంలో ఏమన్నా దొరుకుతుందేమోనని. నేను అరటికాయల తొక్క తీస్తూ కూచున్నాను. తొక్కతోపాటు సగం కాయ పోయింది.

గెరివాజియో అని మసాకా రోడ్డులో తాపీమేస్త్రి ఉండేవాడు. చక్కటి కుర్రాడు. ఎసెజాని చర్చిలో ఎప్పుడో చూశాడట. పిల్లనడగడానికి మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ పగటిపూట, మర్యాదగా. మొదటిసారి నిద్రపోతోందన్నారు. రెండోసారి మేనత్త ఇంటికెళ్ళిందన్నారు. మూడోసారి వాకిట్లో ఒక్కడూ కూచుని అరగంట గూటం చప్పుడు విన్నాడు. వెళ్తూ నాతో, "మీ యోకానా గారికి కూతురి మీద ఎంత కోపమో, కొట్టడం వింటే తెలుస్తోంది" అన్నాడు. ఆ వానాకాలంలోనే కియోటెరా ఊరి పిల్లని చేసుకున్నాడు.

ఆ కబురు తడిక సందులోంచి నేనే చెప్పాను. "ఏ రంగు చీర కట్టిందట?" అని ఒక్కటే అడిగింది. మూడు దెబ్బలు, చిన్న ఆపు.

అప్పట్నుంచీ రోజూ చీపురు వంకతోనో ఉప్పు వంకతోనో వెళ్ళి తడిక బయట కూచునేదాన్ని. ఆ పిల్లకి ఊరు కావాలి, నాకు మాట్లాడే మనిషి కావాలి. ఒకరోజు ఒక సంగతి నా బుర్రలో దూరింది. అంతలా బాదితే ఆ పట్ట ముక్కలవ్వాలి కదా? అరటిబోదెని నాలుగు దెబ్బలేస్తే నీరుగారిపోతుంది. ఇది మాత్రం కొట్టేకొద్దీ పెరుగుతుంది. ఎందుకు?

ఎసెజాని అడిగితే "తెలీదత్తా, నాకు కొట్టడమే తెలుసు" అంది. యోకానాని అడిగితే "దేవుడు అలా చేశాడు" అన్నాడు. దేవుడు ఎలా చేశాడన్నదే కదా నా ప్రశ్న. బడిలో నాలుగో క్లాసు దాకా చదివాను, ఐదుకి పంపలేదు. బహుశా ఐదో క్లాసులో చెప్పేవాళ్ళేమో. నారగుడ్డ పీలిక ఒకటి, నూలుపోగు ఒకటి, పుస్తకం కాగితం ముక్క ఒకటి కొంగున కట్టుకుని ఎనోకా మాస్టారి దగ్గరికి వెళ్ళాను. మంచి మనిషి. నన్ను చూస్తే కాస్త భయపడతాడు.

"ఇవి మూడూ ఏమిటి మాస్టారూ?"

"ఒకటేనమ్మా."

"నాకు కళ్ళున్నాయండీ."

"కళ్ళకి అందదు. మూడిట్లోనూ అసలు సరుకు ఒకటే. సెల్యులోజ్ అంటారు." బల్లమీదున్న పూసలదండ తీశాడు. "చెట్టు గాలి పీలుస్తుంది, నీళ్ళు తాగుతుంది, ఎండతో కలిపి చక్కెర చేసుకుంటుంది. ఒక్కో చక్కెర రేణువు ఒక పూస అనుకో. అలాంటివి వేలకి వేలు గుచ్చితే ఒక దండ. దండలు పక్కపక్కన పడుకుని ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. చెట్టు ఒళ్ళంతా కంటికి కనపడని గదులు కదా, ఆ ప్రతి గదికీ గోడ దీనితోనే. మనకి ఎముకలు. చెట్టుకి ఇది. ఇది లేకపోతే నీ అరటితోట జావలా నేలమీద పారుతుంది."

"చక్కెరైతే తియ్యగా ఉండాలిగా?" నేను అప్పటికే నూలుపోగు నోట్లో పెట్టుకుని చూశాను.

"ఆ ముడి మనం విప్పలేం. ఆవు విప్పగలదు. నిజానికి ఆవు కూడా కాదు, దాని కడుపులో ఉండే పురుగులు. అందుకే అది గడ్డి తిని పాలిస్తుంది. నువ్వు గడ్డి తింటే..."

"అర్థమైందిలెండి. మరి బాదితే ఎందుకు చిరగదు?"

"గూటం దండల్ని తెంపదు. మధ్యలో జిగురూ అదీ వదిలించి, కట్టల్ని విడదీసి పరుస్తుంది. విడిపోయినవి పక్కవాటిలోకి అల్లుకుంటాయి. కాగితం చేసేదీ ఇంచుమించు అలాగే, కలప గుజ్జు చేసి. నూలైతే పుట్టుకతోనే దాదాపు అంతా అదే. నువ్వు నిన్న మింగిన తలనొప్పి మాత్రలో కూడా కొంత ఉంటుంది, మందు రాలిపోకుండా."

"కొట్టేది ఎవరైతేనేం మరి?"

"అంటే?"

"ఏం లేదు. మగచెయ్యో ఆడచెయ్యో నారకి తెలుస్తుందా అని."

మాస్టారు నా వైపు కాసేపు చూశాడు. "నారకేం తెలుస్తుందమ్మా," అన్నాడు. ఇంకేమీ అడగలేదు. చదువుకున్నవాళ్ళలో నాకు నచ్చనిది అదే, అడగవలసినప్పుడు అడగరు. ఆ రోజు మాత్రం దణ్ణం పెట్టుకున్నాను.

అంతా వచ్చి తడిక సందులోంచి అప్పజెప్పాను. ఎసెజా వింటూ సన్నగాడుల గూటం అందుకుంది. ముఖమ్మీద గాడులు చెక్కిన గూటాలు మూడుంటాయి, ముతకగాడులది ముందు, సన్నగాడులది చివర. "అంటే చెట్టు లోపల కోట్ల గదులు, గదికో గోడ," అంది.

"అంతే."

"గుమ్మాలుండవా?"

ఆ మాట నేను మాస్టారిని అడగనందుకు సిగ్గేసింది. మర్నాడే వెళ్ళి అడిగొచ్చాను. "సన్న సన్న కంతలుంటాయట పిల్లా, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నీళ్ళు పోవడానికి."

"నయం," అంది.

నీటికుక్క తెగకి పెద్ద జిరిమెన్యా తాత. ఎనభై దాటాయి. చెప్పిన మాట రాతి మీద గీత. ఆయన ఒకసారి వారసుణ్ణి నిలబెట్టే తంతుకి కొత్త గుడ్డ కావాలని కబురుపెట్టాడు. గుడ్డ పట్టుకుని యోకానాయే వెళ్ళాడు. తాత దాన్ని వెలుగుకి ఎత్తి పట్టి చూసి, "నీ చెయ్యి వయసుతో పదునెక్కింది యోకానా, ఒక్క చిల్లు లేదు" అన్నాడట. యోకానా ఇంటికొచ్చి ఆ మాట కూతురికి చెప్పి, చెప్తూనే గోడవైపు తిరిగిపోయాడు. "మెచ్చుకున్నది నిన్నేనమ్మా" అన్నాడట గోడతో. ఎసెజా నాకు చెప్పిన మాట ఇది.

ఈ ఏడాది చిన్నవానల ముందు యోకానా పోయాడు.

పక్క తాలూకాలో పెద్ద చావుకని అంతకుముందు వారం ఇంట్లో ఉన్న గుడ్డలన్నీ వచ్చి పట్టుకెళ్ళారు. ఆ రోజు తెల్లారగట్ల ఎసెజా బావి పక్క చెట్టు ఒలిచింది, ఉడికించింది, బాదడం మొదలెట్టింది. తొమ్మిదింటికి నేను జావ తీసుకెళ్ళాను. చీకటిగదిలో యోకానా ఎప్పటిలా మంచమ్మీద కూచునే ఉన్నాడు, తల గోడకి ఆనించి. చెవి పాకవైపుంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది, ఎడమచెయ్యే. పాకలో ఆయన గూటం మోగుతూనే ఉంది.

మొదటిసారి నేను తడిక పక్కకి తోసి లోపలికి అడుగుపెట్టాను.

"ఎసెజా. నాన్న పోయాడమ్మా."

గూటం దుంగమీద పెట్టింది. మెల్లగా, చప్పుడవకుండా. ఏడవలేదు. చుట్టూ చూసింది. "ఇంట్లో ఒక్క గుడ్డ లేదత్తా," అంది.

అప్పుడు నేను గొంతెత్తి ఏడుపు అందుకున్నాను. ఊరికి తెలియాలిగా.

మధ్యాహ్నానికి వాకిలి నిండిపోయింది. శవం ముందుగదిలో ఉంది. ఆడవాళ్ళందరం చాపల మీద, మగవాళ్ళు ముతుబా నీడన. శవం ఇంట్లో ఉండగా పొలాల్లో గునపం దిగకూడదు, గూటం లేవకూడదు. అది మూడో కట్టుబాటు. లవులెన్సియో పట్నంనుంచి మెరిసే పూల దుప్పటి తెచ్చాడు. తెచ్చి పెదనాన్న మీద కప్పబోయాడు.

"నారగుడ్డేది?" అంది ఎవరో ముసలమ్మ.

"దొరకలేదు. రేపు పొద్దున్నే పూడ్చాలి. దీనికేం, వెచ్చగా ఉంటుంది," అన్నాడు.

"గుడ్డలు చేసినవాడు గుడ్డ లేకుండా పోతాడా?"

"చేసినవాడే పోయాడు కదత్తా, ఇంక ఎవరు చేస్తారు?" అని చెట్ల వైపు చూశాడు. అదే చూపు.

ఎసెజా నా పక్కనే కూచుని ఉంది. నేను దాని మొహం చూశాను. లోపల ఏం లెక్క నడుస్తోందో నాకు తెలుసు. పాకలో పట్ట సగం బాదింది సగం బాదనిది ఉంది. పొద్దు వాలితే చెక్కయిపోతుంది. బాదితే మూడేళ్ళ గుట్టు పోతుంది, చెట్లు పోతాయి. బాదకపోతే నాన్న పూల దుప్పటిలో పోతాడు.

లేచింది. నేను కొంగు పట్టుకున్నాను. నా వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి వెళ్ళిపోయింది.

టక్కు టక్కు టక్.

గోడ పక్కనున్న ముసలమ్మ "యోకానా లేచాడు!" అని చాపమీద వెనక్కి పడిపోయింది. ఇద్దరు మగవాళ్ళు రోడ్డుదాకా పరిగెత్తారు, పేర్లు రాయను, మా ఊళ్ళోనే ఉంటారు. ముందుగదిలోకి తొంగి చూసినవాళ్ళకి యోకానా పడుకునే ఉన్నాడు. పాకలో యోకానా కొడుతూనే ఉన్నాడు. మూడు దెబ్బలు, చిన్న ఆపు, మూడు దెబ్బలు.

లవులెన్సియో వెళ్ళి తడిక లాగేశాడు. అందరూ చూశారు.

ఎసెజా తలెత్తలేదు. ఆపలేదు కూడా.

జిరిమెన్యా తాత కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. భుజమ్మీద నారగుడ్డ ముడేసుకుని ఉన్నాడు. ఆడవాళ్ళందరం మోకాళ్ళమీద ఒంగాం.

"చూశారా తాతా!" అన్నాడు లవులెన్సియో. "ఆడది! శవం ఇంట్లో ఉండగా! ఈ గుడ్డ అశుద్ధం. ఈ పాక అశుద్ధం. చెట్లు నాకప్పగించండి, నేను చూసుకుంటాను."

"బట్టీలో పెట్టి చూసుకుంటావు," అన్నాను.

"నువ్వు నోరుముయ్యి నాలోంగో."

"మూసుకుని రెండేళ్ళయింది నాయనా. ఇంక పట్టదు." మోకాళ్ళమీదే ఉన్నాను, మర్యాద తప్పలేదు. "తాతా, ఒక్క మాట అడగొచ్చా?"

"ఒక్కటేనా?" అన్నాడు ఆయన. అంత చావులోనూ వెనకాల ఎవరో నవ్వారు.

"మీ భుజం మీది గుడ్డ ఎప్పటిది?"

"రెండేళ్ళ కిందటిది. కాఫీ పూత వేళకి యోకానా తెచ్చిచ్చాడు. ఇలాంటి గుడ్డ మళ్ళీ..."

ఆగాడు. నేను లేచి ముందుగదిలోకి వెళ్ళి, యోకానా కుడిచెయ్యి బయటికి తీసి అంగీ పైకి జరిపాను. గుమ్మంలోంచి అందరికీ కనపడింది. మూడేళ్ళు కదలని చెయ్యి ఎండిన అరటిమట్టలా ఉంటుంది. చెప్పక్కర్లేదు.

"ఆ గుడ్డ అశుద్ధమైతే దానితో మీరు నిలబెట్టిన వారసులందరూ వారసులు కారు," అన్నాను. "లవులెన్సియో, మీ అమ్మని పోయినేడు ఏ గుడ్డలో పెట్టాం? ఈ పాకదే కదా? మూడేళ్ళలో ఈ ఊరి మట్టిలో పడుకున్నవాళ్ళందరివీ ఈ పాకవే. లేపుదామా? గునపాలు తెప్పించనా?"

గూటం ఒక్కటే మాట్లాడుతోంది. తాత పాక దగ్గరికి వెళ్ళి బాదిన నార కొస పట్టుకుని వెలుగుకి ఎత్తి చూశాడు. ఎంతసేపు చూశాడో. చిల్లు కోసం చూస్తున్నాడని నాకు అనిపించింది. దొరకాలని చూస్తున్నాడో దొరకకూడదని చూస్తున్నాడో మాత్రం చెప్పలేను.

"ఇది పూర్తికానీ," అన్నాడు చివరికి. "యోకానా దీన్లోనే పోతాడు."

"మరి చెట్లు?" అన్నాడు లవులెన్సియో.

"గూటం మోగినన్నాళ్ళూ చెట్లు ఆ ఇంటివి. కట్టుబాటులో గూటం అనుంది. ఎవరి చెయ్యో తర్వాత చూద్దాం."

"ఆగితే?"

"ఆగిన రోజున నీవి."

ఆ మాట తాత నోట పడగానే ఊరంతా ఊపిరి పీల్చుకుంది. నేను ఎసెజా వైపు చూశాను. ఆ పిల్ల తల వంచుకుని కొడుతూనే ఉంది. పొద్దున దాకా ఆ పిల్ల చెరకి గడియ లోపలనుంచి తనే పెట్టుకుంది. ఇప్పుడు బయటనుంచి పెట్టారు. ఆ సంగతి వాకిట్లో అర్థమైంది మా ఇద్దరికే.

యోకానా తడి ఆరని గుడ్డలో పోయాడు. దానికి ఇంకా చెట్టు వాసన ఉంది.

పూడ్చిన మర్నాడు ఎసెజా పాక చుట్టూ ఉన్న తడికలు నాలుగూ పీకేసి కుప్ప పోసింది. ఆ రోజంతా అందరికీ కనపడేలా కూచుని కొట్టింది. మధ్యాహ్నం ఎండ దుంగమీదకి వచ్చింది. పట్ట సగంలోనే బిగిసి, గూటం కింద పెళుసుగా చిట్లింది. మూడేళ్ళలో అదే మొదటి చిల్లు. చిల్లులో వేలుపెట్టి కాసేపు కూచుంది. తర్వాత లేచి తడికలు తనే తిరిగి కట్టుకుంది, తూర్పు వైపు మాత్రం ఒక మనిషి పట్టేంత గుమ్మం వదిలి.

లవులెన్సియో ఇప్పుడు రోజూ ఆ దారినే సైకిలు తొక్కుతాడు. వినడానికి. ఎసెజా నీళ్ళు తాగడానికి కాసేపు ఆగితే దిగి చెవొగ్గుతాడు. ఆదివారం లెక్కలోకి రాదని తాతచేత చెప్పించాను. బజారు మాత్రం శుక్రవారం.

అందుకని పోయిన శుక్రవారం నేనే గూటం పట్టాను. నాకు డెబ్బై మూడు. దుంగమీద పాతపట్ట ముక్క ఒకటి వేసుకుని కూచున్నాను. ఎసెజా వాళ్ళమ్మ పెట్టెలోంచి పచ్చచీర తీసి కట్టుకుంది, రవిక భుజాల దగ్గర పట్టలేదు. కుట్లు కొంచెం విప్పాం. "మధ్యాహ్నానికల్లా వచ్చేస్తానత్తా," అంది.

"మూడు దెబ్బలు, చిన్న ఆపు, అంతేనా?"

"అంతే. ఆపు మర్చిపోకు."

వెళ్ళింది. నేను మొదలెట్టాను. సైకిలు వచ్చింది, ఆగింది. తడిక అవతల లవులెన్సియో ఎవరితోనో అంటున్నాడు, "ఎసెజాని ఇప్పుడే బజారు దారిలో చూశానురా. మరి ఇదెవరు?" వాడి గొంతులో భయం వినపడి చచ్చేంత నవ్వొచ్చింది. నవ్వితే లయ తప్పుతుందని పెదవి కొరుక్కున్నాను.

పదకొండింటికి భుజం మంట. పన్నెండింటికి అరచేతిలో బొబ్బలు. ఎండ నడినెత్తికొచ్చి, పడమటికి తిరిగింది. ఒంటిగంట. రెండు. జావ కూడా తాగలేదు. ఆపితే వినపడుతుంది. మూడేళ్ళు అన్నది నేను నోటితో ఎన్నోసార్లు అన్నాను గానీ, చేతితో ఆ రోజే తెలిసింది. బజారు దగ్గర్నుంచి బస్సు మసాకాకి పోతుందని, మసాకానుంచి ఇంకా ఎక్కడెక్కడికో పోతుందని నాకు తెలుసు. ఆ పిల్లకీ తెలుసు. కొడుతూనే ఉన్నాను.

పొద్దు వాలే వేళకి గుమ్మంలో నీడ పడింది. పచ్చచీర. కాళ్ళనిండా రోడ్డు దుమ్ము. బజారు అంత దూరం లేదు, అంత దుమ్మూ ఉండదు. చేతిలో సంచీ లేదు, ఏమీ కొనలేదు.

ఎక్కడికెళ్ళావు, ఎవర్ని చూశావు, ఎందుకింత ఆలస్యం, బస్సు దాకా వెళ్ళావా, ఎక్కావా, ఎందుకు దిగావు? అన్నీ నా నాలుక చివరికొచ్చాయి. ఒక్కటీ అడగలేదు.

పక్కకి జరిగాను. కూచుని, నా చేతిలోంచి గూటం తీసుకుంది. గూటం చేతులు మారేప్పుడు కూడా దెబ్బ తప్పకుండా చూసుకున్నాం.

"వచ్చే శుక్రవారం కూడా వస్తావా అత్తా?" అంది.

"బొబ్బలు మానితే," అన్నాను.